తెర మీద మునిగిన పంటు

ముత్యాలు భయస్తుడని మా రేవులో ఎవరూ అనుకోరు. పద్దెనిమిదేళ్లుగా గౌతమి పాయ మీద పంటు తోలుతున్న మనిషిని భయస్తుడంటే ఎవరు నమ్ముతారు? రెండు నావల్ని పక్కపక్కన కట్టి, పైన చెక్కలు పరిచి, వాటి మీద మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ గడ్డిమోపుల్నీ మేకల్నీ ఎక్కించుకుని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు చేర్చడం అతని పని. సరంగు ముత్యాలు అంటారందరూ. చుక్కాని దగ్గర అతను నిలబడ్డాడంటే చంటిపిల్లల తల్లులు కూడా అంచు కమ్మీ వదిలేసి నిశ్చింతగా కూర్చుంటారు.

అతని భయం సంగతి తెలిసింది భార్య లక్ష్మీదుర్గ ఒక్కదానికే. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. పొద్దున్నే దేవుడి పటం ముందు మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడంటే ఆవేళ పంటు మీద జనం ఎక్కువని ఆమెకు తెలిసిపోతుంది. తనూ వెళ్లి పక్కన నిలబడి ఒక దణ్ణం పెట్టుకుంటుంది.

భయం నీళ్లంటే కాదు. గోదారి ఎక్కడ ఇసుక మేట వేసిందో, ఏ నెలలో ఒరవడి ఎటు తిరుగుతుందో అతనికి నీటి రంగు చూస్తే తెలుస్తుంది. ఇంజనంటే కూడా కాదు. పంటు మీద గోలలో ఇంజను చప్పుడు చెవికి ఆనదు. అందుకని మా వైపు సరంగులెవరూ చుక్కాని దగ్గర చెప్పులు వేసుకోరు. చెక్క మీద వట్టి పాదం ఆనిస్తే చాలు, ఇంజను అందుకుందో లేదో, ఎంత జోరు మీదుందో ఆ అదురును బట్టి తెలిసిపోతుంది. చెవి మోసపోతుంది కానీ కాలు మోసపోదని వాళ్ల నమ్మకం.

అతని భయమంతా పైనెక్కే బరువంటేనే. యాభై మంది మనుషులు, పది మోటారు సైకిళ్లు అని రేవులో బోర్డు రాసి ఉంది. ఆ బోర్డు మీద ఎవరో ఒకరు తడి తువ్వాలు ఆరేసుకుంటారు. రేవు పాటదారు బుచ్చిరాజుగారు చెడ్డమనిషి కాదు. ఆ మధ్య లక్ష్మీదుర్గకు డెంగీ జ్వరం వస్తే తన కారులో అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్లి, రాత్రంతా వరండాలో కూర్చున్నాడు. కానీ ఏటా వేలంలో రేవు పాడుకున్న మనిషికి పంటు ఖాళీగా కనబడితే మనసొప్పదు.

"ఇంకో నాలుగు బళ్లు పడతాయ్ రా ముత్యాలూ."

"పట్టవండి. నీరు అంచు దాకా వచ్చేసిందండి."

"నీరన్నాక అంచు దాకా రాక ఆకాశానికి వత్తదా? తోలరా బాబూ, జనం తిట్టుకుంటన్నారు."

ముత్యాలు తోలేవాడు. పంటు తిరిగిన రోజున కూలి, వరదొచ్చి ఆగిన రోజున లేదు. పాటదారు మారితే సరంగు కూడా మారిపోవచ్చు. ఏదైనా జరిగితే మాత్రం లైసెన్సు మీద ఉన్నది ముత్యాలు పేరు, పోయేది పైనున్న వాళ్ల ప్రాణాలు.

శ్రావణంలో ఒకరోజు ఎరువు బస్తాల ట్రక్కును ఎక్కించారు. నది మధ్యకు వెళ్లాక ట్రక్కు జానెడు వెనక్కి జారింది. పంటు ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు చెక్కల మీదకు వచ్చి అందరి మడమలూ తడిపి వెళ్లాయి. తాడు పట్టే వీరబాబు, యాభై ఏళ్ల మనిషి, ఎలా దూకాడో ఏమో చక్రం కింద దిమ్మ తోసేశాడు. పంటు సర్దుకుంది.

"ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునే పని తప్పిందండి!" అన్నారెవరో. అంతా నవ్వారు.

గట్టు చేరి అందరూ దిగిపోయాక ముత్యాలు ఇంజను వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. వీరబాబు చూశాడు. చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, ఎవరూ అటు రాకుండా అడ్డంగా నిలబడ్డాడు.

"నావల్ల కాదే. వేరే పని చూసుకుంటాను," అన్నాడు ముత్యాలు ఇంటికెళ్లి.

"చూసుకోండి," అంది లక్ష్మీదుర్గ. "ఏం పనో అది కూడా చెప్పండి."

అదే తెలియలేదు. నలభై ఏళ్లొచ్చాయి. పంటు తప్ప అతనికి ఏమీ రాదు.

దేవుడు దారి చూపించదలచుకుంటే పంటు మీదకే పంపిస్తాడు కాబోలు. శ్యామ్ బాబు అనే అతను కాకినాడ హార్బరులో మెకానిక్కు. నెలకోసారి మా వైపు అత్తగారింటికి వస్తుంటాడు. చుక్కాని పక్కన నిలబడి కబుర్లు చెప్పడం అతనికి సరదా.

"మా కంపెనీలో టగ్గుల మీదకి ఆరుగుర్ని తీసుకుంటన్నారండి ముత్యాలుగారూ. మీ లైసెన్సు సరిపోద్ది. పెద్ద పెద్ద ఓడలుంటాయి చూడండి, వాటిని రేవులోకి లాక్కొచ్చే బోట్లండి టగ్గులంటే. నెల జీతం, ఇన్సూరెన్సు. పైన జనం ఉండరు. తాడూ, బోటూ, మీరూ."

"జనం ఉండరా అండి?" అని రెట్టించి అడిగాడు ముత్యాలు. అతని చెవికి ఎక్కింది ఆ ఒక్క ముక్కే.

"ఉండరండి. కాపోతే పరీక్షుంది. గదిలో మూడు పక్కలా పెద్ద తెరలుంటాయండి. వాటిలో సముద్రం కనబడద్ది. మీరు స్టీరింగు తిప్పితే బోటు తిరుగుద్ది. వీడియో గేమే అనుకోండి."

ముత్యాలు ముఖం వాడిపోయింది. "నేనెప్పుడూ ఆడలేదండి."

"బావుందండీ! నిజం గోదారి మీద పద్దెనిమిదేళ్లు తోలేరు, బొమ్మ నీళ్లకి భయపడతారా?"

భయపడ్డాడు. ఇంట్లో లక్ష్మీదుర్గకు ఫోన్లో కార్ల పందెం ఆడే అలవాటుంది. జాకెట్టు చేతులు అతికాక, కాజాలు మొదలెట్టేముందు పది నిమిషాలు ఆడుకుంటుంది. "చిన్నపిల్లలాట" అని ఇన్నాళ్లూ వెక్కిరించినవాడు ఆ సాయంత్రం చెయ్యి చాపాడు.

"ఏదీ, ఆ ఫోనిలా ఇయ్యి."

"ఎందుకండీ?"

"నేర్చుకోవాలి. పరీక్షకి."

ఆమె ముందు కళ్లు తుడుచుకునేంతగా నవ్వింది. తర్వాత పక్కన కూర్చుని నేర్పింది. ముత్యాలు ఫోను రెండు చేతులా పట్టుకుని, కారు కుడికి తిరగాలంటే తనే కుడికి ఒరిగిపోయేవాడు. కారు మాత్రం తిన్నగా వెళ్లి గోడకు గుద్దుకునేది.

"ఒంటితో తిప్పకండీ, వేల్తో తిప్పండి! మంచం మీంచి పడేలా ఉన్నారు."

వారం గడిచినా కారు గోడ దాటలేదు. అప్పుడామెకు జాన్ గుర్తొచ్చాడు. అమలాపురం కాలేజీ రోడ్డులో మేడ మీద జాన్‌కు గేముల షాపు ఉంది. అతని భార్య జాకెట్లు లక్ష్మీదుర్గే కుడుతుంది. అడగ్గానే జాన్ సరేనన్నాడు.

"ఎనిమిదింటికి రమ్మనండక్కా. కుర్రోళ్లు తొమ్మిదిన్నర దాకా రారు. ఆళ్ల ముందు కూర్చుంటే ఆయనకి సిగ్గుగా ఉంటది."

పొద్దున్నే మొదటి ట్రిప్పు తోలి, రెండోదాన్ని పదింటికి మార్పించుకుని ముత్యాలు రోజు విడిచి రోజు అమలాపురం వెళ్లాడు. మొదటిరోజు చెప్పులు గుమ్మం బయట విడిచి, స్టీరింగుకు చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు.

"చెప్పులేసుకు రండి ముత్యాలుగారూ. గచ్చంతా దుమ్ము. ఇదేం గుడి కాదండి."

"అలవాటండి బాబూ. కాలు ఆనాలండి."

తర్వాతిసారి నుంచి అతను వచ్చేసరికి షాపు తుడిచి తడిగుడ్డ పెట్టి ఉండేది. జాన్ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ముత్యాలు గమనించాడు కానీ అతనూ ఎత్తలేదు.

జాన్ దగ్గర స్టీరింగు చేతిలో అదిరేది. బండి జోరందుకుంటే గట్టిగా, తగ్గితే మెల్లగా. కాళ్లకు తెలియాల్సింది చేతులకు తెలుస్తోంది కదా అని ముత్యాలుకు ధైర్యం వచ్చింది. రెండు వారాల్లో కారు గోడలు తప్పించుకుంది. పడవలు తోలే ఆట పెడితే తిన్నగా తోలాడు.

"ఇంకేటండి, పాసైపోయినట్టే!" అని జాన్ సంబరపడ్డాడు. "ఇదిగో, మీ పంటులాంటి ఆటే ఒకటుంది. బళ్లెక్కించి ఏరు దాటించాలి."

తెర మీద రేవు, పంటు, దాని మీద ఎక్కుతున్న లారీలు. రంగురంగుల చొక్కాల్లో, కోకల్లో బొమ్మ మనుషులు నడిచొచ్చి అంచున నిలబడ్డారు. ముత్యాలు నాలుగు లారీలతో ఆపేశాడు.

"మీ రాజుగారిలా ఎక్కిద్దామండి, ఏమవుద్దో చూద్దాం," అని జాన్ నవ్వుతూ మీట నొక్కాడు. అయిదు, ఆరు, ఎనిమిది. ఆట కాదనలేదు. ఎన్నెక్కించినా ఎక్కించుకుంది.

ఏటి మధ్యకు వెళ్లాక పంటు ఒరిగింది. ముత్యాలు స్టీరింగు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, నేర్చుకున్నదంతా మరిచిపోయి ఒళ్లంతా ఎడమకు వంచాడు. లారీలు ఒకదాని మీదొకటి జారాయి. బొమ్మ మనుషులు చప్పుడు లేకుండా ఒక్కొక్కరే నీళ్లలోకి రాలారు. పంటు బోర్లాపడి కాసేపు తేలి మునిగిపోయింది. నీరు మళ్లీ అద్దంలా సర్దుకుంది. దాని మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి.

"ఏం పర్లేదండి. మళ్లీ ఆడతారా అని అడుగుతుంది. నొక్కితే మొదలవుద్ది, అందరూ లేచొచ్చేత్తారు."

ముత్యాలు స్టీరింగు వదల్లేదు. "ఆవిడెవరండి?" అన్నాడు.

"ఎవరండి?"

"పసుపు కోకావిడ. సంచీ పట్టుకునుందండి. అంచుకి ఒద్దని సెప్పాల్సింది నేను."

జాన్ ముఖంలో నవ్వు పోయింది. యంత్రం కట్టేశాడు. కిందకెళ్లి రెండు టీలు తెచ్చి, ఒకటి ముత్యాలు చేతిలో పెట్టి, అది తాగేదాకా పక్కన కూర్చున్నాడు.

పంటు మునగడం ముత్యాలు జన్మలో చూడలేదు. ఇన్నాళ్లూ అతని భయానికి ఆకారం లేదు, ఇప్పుడు వచ్చింది. ఆ రోజు నుంచి పంటు మీద ఎక్కేవాళ్ల ముఖాల కంటే ముందు బట్టల రంగులు కనబడసాగాయి. నీలం చొక్కా. ఆకుపచ్చ కోక. పసుపు కోకావిడ ఎవరైనా అంచున నిలబడితే, "అమ్మా, లోపలికి జరగండమ్మా, మీకు పుణ్యముంటది" అని బతిమాలేవాడు. "సరంగుకేటో అయ్యింది" అని జనం అనుకున్నారు.

పరీక్షకు కాకినాడ వెళ్లాడు. ఇరవై మంది వచ్చారు, అందరూ అతనికంటే చిన్నవాళ్లే. పరీక్ష పెట్టేది కెప్టెన్ రాజేంద్రప్రసాద్‌గారు, ఓడల మీద జీవితం గడిపి రిటైరైన పెద్దాయన. గదిలో మూడు పక్కలా తెరలు, తెరల నిండా హార్బరు, దూరంగా ఒక ఓడ. నేలంతా మెత్తటి తివాచీ. టగ్గును మెల్లగా తీసుకెళ్లి ఆ ఓడ పక్కకు చేర్చాలి.

ముత్యాలు చెప్పులు విడిచాడు. దణ్ణం పెట్టుకుని మీట ముందుకు తోశాడు. తెరలోంచి ఇంజను రొద వినిపించింది. కాలికి మాత్రం ఏమీ తెలియలేదు. చేతికైనా తెలుస్తుందేమో అని చూశాడు, జాన్ దగ్గరలా ఈ స్టీరింగు అదరడం లేదు. చెవిని నమ్మే అలవాటు లేని మనిషి. ఇంజను అందుకోలేదనుకున్నాడు. ఇంకాస్త తోశాడు. ఇంకాస్త. తలెత్తి చూసేసరికి గట్టు మీద మీదకు వచ్చేస్తోంది. గది దద్దరిల్లేలా చప్పుడైంది. ఎర్ర దీపం వెలిగింది.

"ఓడ పక్కకి తెమ్మంటే ఊళ్లోకి తెచ్చేశాడ్రా మావ!" అని వెనక ఎవరో అన్నారు. కుర్రాళ్లు నవ్వారు.

కెప్టెన్‌గారు నవ్వలేదు. "ఎందుకలా తోశావయ్యా?"

"ఇంజను స్టార్టవలేదనుకున్నానండి."

"శబ్దం వినపడలేదా?"

"వినపడిందండి. కాళ్లకి తెలవలేదండి. ఈ నేల చచ్చిపోయినట్టుందండి."

ఆయన ముత్యాలు పాదాల వంక చూశారు. "రేపు టగ్గెక్కితే తెలుస్తుందిలే, అది చచ్చిన నేల కాదు. ఇక్కడ మాత్రం ఈ మీటరు ముల్లు చూడు. ఇది లేచిందంటే ఇంజను లేచినట్టు. అందరికీ రెండో సారి ఉంది, కంగారు పడకు."

రెండోసారి ముత్యాలు ముల్లు వదలకుండా చూశాడు. గుడ్లబుట్ట దింపినంత నిదానంగా టగ్గును ఓడ పక్కన చేర్చాడు. ఇరవై మందిలోనూ ఎక్కువసేపు పట్టింది అతనికే.

"ఇంత నిదానం దేనికయ్యా?"

"అందులో మనుషులుంటారు గదండి," అన్నాడు ముత్యాలు. అనేసి, బొమ్మ ఓడ అని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

కార్తీకమాసంలో ఫోనొచ్చింది. ఆఫీసులో జ్యోతిర్మయి అనే అమ్మాయి. "మీరు సెలెక్టయ్యేరండి. మూడు నెలలు డెక్కు మీద పని, తర్వాత స్టీరింగు. సోమవారం పది గంటలకి రావాలి. కొత్తవాళ్లని టగ్గు దగ్గరికి తీసుకెళ్లే బోటు పదింటికి బయల్దేరుద్ది. రాకపోతే వెయిటింగులో ఉన్నవాళ్లని పిలుస్తామండి."

లక్ష్మీదుర్గ ఫోను లాక్కుని "వత్తారండి, తప్పకుండా వత్తారండి" అంది.

బుచ్చిరాజుగారికి చెప్పడానికి ముత్యాలుకు రెండు రోజులు పట్టింది. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"నేనేం తక్కువ చేసేన్రా నీకు?"

"మీరేం తక్కువ చెయ్యలేదండి. ఎక్కువైపోతందండి, పంటు మీద."

ఆయనకు కోపం వచ్చింది, కానీ మింగేశాడు. "సరే. ఆవేళ కార్తీక సోమవారం. అటు గట్టు శివాలయానికి జనం పోటెత్తుతారు. మొదటి ట్రిప్పు తోలుకుని అట్నుంచటే ఎల్లు, నీ బస్సు అటే గదా. యానాం నుంచి కొత్త సరంగు తొమ్మిదింటికి ఆ గట్టుకే వత్తాడు."

ముత్యాలు ఒప్పుకున్నాడు. కాకినాడ బస్సు అవతలి గట్టున ఏడింటికి. ఆరింటికి పంటు తీస్తే చాలు.

సోమవారం తెల్లవారేసరికి రేవు మనుషులతో నిండిపోయింది. తలస్నానాలు చేసి, తడి జుట్లు ముళ్లు వేసుకుని, అరటిదొప్పలూ ఒత్తులూ పట్టుకుని వచ్చారు. లక్ష్మీదుర్గ సాగనంపడానికి వచ్చి గట్టున నిలబడింది. బుచ్చిరాజుగారు ఎక్కిస్తూనే ఉన్నాడు. తొమ్మిదిదాకా మళ్లీ పంటు లేదు కనుక ఎవరూ ఆగడం లేదు. ముత్యాలు లెక్కపెట్టడం తొంభై దగ్గర ఆపేశాడు. నీరు అంచును నాకుతోంది. చుక్కాని ముందు, కమ్మీకి ఆనుకుని, ముగ్గురు ఆడవాళ్లు పసుపు కోకల్లో ఉన్నారు.

అతను ఇంజను తాడు లాగలేదు.

"తియ్యరా ముత్యాలూ, ఆరైపోయింది!" అని బుచ్చిరాజుగారు గట్టు మీంచి అరిచాడు.

"నలభై మంది దిగాలండి."

"ఏట్రా?"

"దిగితేనే తీత్తానండి." చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు కానీ పట్టుకోకపోతే పడిపోయేవాడే.

పంటు మీద గోల లేచింది. మోటారు సైకిలు మీద కూర్చున్న విజయకుమార్ అనే అతను, కాకినాడలో ఏసీలు బాగుచేసే మనిషి, అందరికంటే గట్టిగా అరిచాడు. "నువ్వు ఉద్యోగం కొట్టేసి పోతన్నావని మా పనులు చెడగొడతావా? మాకు డ్యూటీల్లేవా? రోజూ ఎంతమందిని తోలలేదు నువ్వు!"

"తోలేనండి," అన్నాడు ముత్యాలు. "తప్పేనండి."

"ఆడికి పిరికి పట్టుకుందండి, వీరబాబు తోల్తాడు," అన్నాడు బుచ్చిరాజుగారు.

"నాకు రాదండి బాబూ, నన్నొగ్గేయండి," అని వీరబాబు తాడు పట్టుకుని వెనక్కి జరిగాడు.

పావుగంట అయింది. ఆలస్యమయ్యేది తనకు కూడా అని ముత్యాలుకు తెలుసు. తన సంచీ చుక్కాని పక్కనే ఉంది. తాడు లాగేస్తే ఇరవై నిమిషాల్లో బస్సు దగ్గరుంటాడు. ఏమీ కాకపోవచ్చు కూడా. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు.

సత్యనారాయణమ్మగారని, మా ఊళ్లో ఎనభై దాటిన మనిషి, మొట్టమొదట ఎక్కి మధ్యలో పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ లేచారు.

"ఒరే వీరబాబూ, చెయ్యియ్యి. నన్ను దింపు."

"మీరెందుకండమ్మా, కుర్రోళ్లు దిగుతారు."

"దిగితే మంచిదే. ఆళ్లు దిగేదాకా ఆ అబ్బాయి వణుకుతా నిలబడాలా? శివుడెక్కడికీ పోడు. నేను తరవాత వత్తాను."

ఆవిడ చేతిలోని దొప్పల బుట్టతో చెక్క మీంచి మెల్లగా దిగారు. ఆవిడ వెనక కోడలు, మనవరాలు. ఆ వెనక ఇద్దరు. ఆవిడ దిగాక కూర్చుని ఉండటానికి మిగతావాళ్లకు మొహం చెల్లలేదు. విజయకుమార్ కూడా సణుగుతూ బండి దింపాడు. నలభై మందికి పైగా గట్టున నిలబడ్డారు. ముత్యాలు తాడు లాగాడు.

అవతలి గట్టు చేరేసరికి ఏడుకు అయిదు నిమిషాలు. బస్సు కనబడుతోంది, డ్రైవరు టీ తాగుతున్నాడు. ముత్యాలు సంచీ భుజాన వేసుకుని దూకబోయాడు. వీరబాబు ఫోను చెవి దగ్గర పెట్టుకుని పాలిపోయి ఉన్నాడు.

"ఏవైంది?"

"రాజుగారు నన్ను పంటు వెనక్కి తెమ్మంటన్నారు ముత్యాలూ. అక్కడ జనం ఊరుకోవట్లేదంట." అతను చుక్కాని వంక పాముని చూసినట్టు చూశాడు. "మేట దగ్గర ఎటు తిప్పాలో నాకు తెల్దు గదా. నువ్వెల్లు. బస్సు పోద్ది. ఎలాగో తెత్తాలే."

అవతల, నీటికి ఆ ఒడ్డున, రంగులు మాత్రమే కనబడుతున్నాయి. తన మాట మీద దిగినవాళ్లు. బస్సు హారను కొట్టింది.

ముత్యాలు సంచీ కింద పెట్టాడు.

రెండో ట్రిప్పు గట్టు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. సత్యనారాయణమ్మగారు దిగుతూ, "నీ బస్సు పోయిందా నాయనా?" అన్నారు. "ఆయ్. పోయిందండి," అన్నాడు. ఆవిడ తడి చెయ్యి అతని తల మీద పెట్టి, ఏదో అనుకుంటూ గుడివైపు వెళ్లిపోయారు. తర్వాతి బస్సు ఎప్పుడో అతనికి తెలుసు. అది కాకినాడ చేరేసరికి పదకొండు దాటుతుంది.

విజయకుమార్ బండి దింపి కొంత దూరం పోనిచ్చి, ఆగి, వెనక్కి చూశాడు.

"ఎక్కండి," అన్నాడు మొహం ఎటో పెట్టుకుని.

"మీరిందాక కోపంగా..."

"కోపం ఇంకా ఉంది. ఎక్కండి, మాట్లాడితే లేటవుద్ది."

రామచంద్రపురం మీదుగా దారంతా ముత్యాలు అతని నడుము వదల్లేదు. అంత జోరుగా అతను ఎప్పుడూ పోలేదు. లారీ ఎదురైనప్పుడల్లా కళ్లు మూసుకుని శివుణ్ని తలుచుకున్నాడు. మధ్యలో బండి పంక్చరైంది. అతికించేసరికి అరగంట. ఆఫీసు గుమ్మంలో దిగేసరికి పదింబావు. దణ్ణం పెట్టబోతే విజయకుమార్, "ఎల్లండి, ఎల్లండి" అని బండి తిప్పేశాడు.

బోటు వెళ్లిపోయింది. జ్యోతిర్మయి కుర్చీలోంచి తలెత్తి చూసింది.

"ముత్యాలుగారాండి?"

"ఆయ్. నేనేనండి. లేటైపోయిందండి. పంటు..."

"తెలుసండి. మీ ఆవిడ మూడుసార్లు ఫోన్ చేసేరు. మూడోసారి కెప్టెన్‌గారికే ఇమ్మన్నారు." ఆమె నవ్వు ఆపుకుంది. "ఆయన విన్నారండి. వెయిటింగు వాళ్లని పిలవొద్దన్నారు. రెండింటికి సరుకుల బోటుంది, అందులో వెళ్లండి. ఇకనుంచి మాత్రం టైమంటే టైమేనన్నారు."

ముత్యాలు రెండు చేతులూ జోడించాడు. ఆమె నీళ్లసీసా అతని వైపు జరిపింది.

జెట్టీ మీద నీడ చూసుకుని కూర్చున్నాడు. సముద్రం మీద నిలబడి ఉన్న ఓడ ఒక వీధంత పొడుగుంది. దాని పక్కన టగ్గు కొబ్బరిచిప్పలా ఉంది. అంత ఓడని అదెలా లాగుతుందో, తాడు తెగితే ఏమవుతుందో, ఎవరిని అడగాలో అతనికి తెలియదు. ఈ నీటి రంగు గోదారి రంగు కాదు. ఎంత చూసినా ఏమీ చెప్పడం లేదు.

ఫోను మోగింది.

"చేరేరా?" అంది లక్ష్మీదుర్గ.

"చేరేను. ఉంచుకున్నారు."

అవతల ఎక్కిళ్లు వినిపించాయి. ఆమె ఏడుస్తోందని తెలిసింది.

"దుర్గా, నాకు భయంగా ఉందే. ఇక్కడ నీళ్లు నాకు తెలవట్లేదు."

"నాకూ భయంగానే ఉందండి," అంది ఆమె ముక్కు చీది. "తొమ్మిదింటికి కొత్త సరంగొచ్చేడు. రాజుగారు యాభై మంది కాగానే తాడు ఇప్పించేసేరు, ఇవాళ్టికి. రేపేం చేత్తారో తెల్దు. మీరేవన్నా తిన్నారా?"

"లేదు."

"తినండి ముందు. బోటు వచ్చేలోపు తినండి."

ముత్యాలు లేచి, జెట్టీ చివర ఇడ్లీబండి వైపు నడిచాడు.